డ్రమ్ములో ‘టక్’మన్నదేమిటి?

మదనపల్లె టమాటాల సంగతి మీరు వినే ఉంటారు. అక్కడి మార్కెట్టునుంచి బండ్ల కొద్దీ టమాటాలు చెన్నైకి, ఇంకా దూరాలకీ వెళతాయి. మా వీధి చివర ఉండే మామయ్య ఒకాయనకు అలా టమాటాలు తోలే పాత పికప్ బండి ఉంది. ఇరవై ఏళ్లు దాటిన బండి. సాయంత్రం సరుకు ఎక్కించుకుంటాడు, రాత్రికి ఘాట్ దిగుతాడు, తెల్లవారేసరికి సరుకు దింపుతాడు. ఇదీ ఆయన జీవనం.

ఒకరోజు సాయంత్రం ఆయన బండి పక్కనే నిలబడి తల గోక్కుంటున్నాడు. సంగతేమిటంటే, బ్రేకు వేసినప్పుడల్లా కుడిపక్క వెనుక చక్రంలో ‘టక్’మంటోందట. మొన్న మొన్ననే వెనుక బ్రేకులు విప్పించి, డ్రమ్ములు లేతు పట్టించి, కొత్త లైనింగులు వేయించాడు. అంతా కొత్తగా చేయించాక ఈ కొత్త చప్పుడేమిటి? మార్కెట్టులో సరుకు సిద్ధంగా ఉంది. ముందు ఘాట్ ఉంది. బయల్దేరాలా, వద్దా?

ఈ ప్రశ్నకు మీరైతే ఏం చెబుతారు? తొందరపడకండి. డ్రమ్ములోకి ఒకసారి తొంగిచూసి, ఆ తర్వాత చెబుదురుగాని.

డ్రమ్ము అంటే పోత ఇనుముతో చేసిన లోతైన మూకుడు లాంటిది. అది చక్రానికి బిగించి ఉంటుంది, చక్రంతోపాటు తిరుగుతుంది. మూకుడు నోటికి మూతలాగా ఒక రేకు పళ్లెం ఉంటుంది. దాన్ని మెకానిక్కులు బ్యాక్ ప్లేటు అంటారు. ఇది తిరగదు. ఈ ప్లేటు మీద, డ్రమ్ము లోపల, నెలవంకల్లాంటి రెండు ఇనుప ముక్కలు ఎదురెదురుగా కూర్చుని ఉంటాయి. అవే బ్రేకు షూలు. వాటి వీపు మీద లైనింగు అనే గట్టి అట్ట అతికించో, రివెట్లు కొట్టో ఉంటుంది.

డ్రైవరు పెడలు తొక్కగానే గొట్టాల్లోని ఆయిలు మీద పీడనం పడుతుంది. మూసిన పాత్రలోని ద్రవం మీద ఒకచోట పీడనం కలిగిస్తే అది అన్ని దిక్కులకూ సమానంగా పాకుతుందని మీరు చదివారు కదా, పాస్కల్ నియమం! ఆ పీడనం చక్రం దగ్గర ఉన్న చిన్న సిలిండరులోని రెండు పిస్టన్లను చెరో పక్కకూ నెడుతుంది. అవి షూలను నెడతాయి. షూలు విచ్చుకుని తిరుగుతున్న డ్రమ్ము లోపలి గోడను ఒరుసుకుంటాయి. కాలు తీయగానే స్ప్రింగులు షూలను వెనక్కి లాగేస్తాయి. ఇంతే బ్రేకు!

ఫ్రాన్సు దేశంలో లూయీ రెనో 1902లో డ్రమ్ము బ్రేకును తయారుచేశాడు. లైనింగు కథ అంతకంటే కాస్త పాతది. ఇంగ్లండులో హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన 1897లో లైనింగుల తయారీ మొదలుపెట్టాడు. గుర్రపుబండ్లవాళ్లు బ్రేకు దిమ్మలకు పాత బూట్ల తోలు కొట్టుకోవడం చూసి ఆయనకు ఆ ఆలోచన తట్టిందని చెబుతారు.

ఇక ఈ మూకుడు మోసే భారం ఎంతో లెక్క వేద్దాం. సరుకుతో కలిపి బండి బరువు 2,500 కిలోలు అనుకోండి. గంటకు 54 కి.మీ. వేగమంటే సెకనుకు 15 మీటర్లు. గతిశక్తి సూత్రంలో పెడితే సుమారు 2 లక్షల 80 వేల జౌళ్లు వస్తుంది. బండి ఆగిందంటే ఈ శక్తి దాదాపుగా అంతా బ్రేకుల్లో వేడిగా మారిందన్నమాట. ఆ వేడితో ఒక లీటరు నీళ్లను దాదాపు మరగబెట్టవచ్చు. ఒక్కసారి బ్రేకు వేసినందుకే ఇంత! ఘాట్‌లో 300 మీటర్ల ఎత్తు దిగాడనుకోండి, అప్పుడు వదిలించుకోవలసిన శక్తి 73 లక్షల జౌళ్లు పైమాటే. అంటే 26 లీటర్ల నీళ్లకు సరిపడే వేడి. అందుకే బుద్ధిమంతుడైన డ్రైవరు చిన్న గేరులో దిగుతాడు. అప్పుడు ఇంజను కూడా కొంత భారం పంచుకుంటుంది. న్యూట్రల్‌లో దిగి డీజిలు మిగుల్చుకుందామనుకునే వాడు మొత్తం వేడిని బ్రేకుల నెత్తిన రుద్దుతాడు. వేడికి డ్రమ్ము వ్యాకోచించి షూలకు దూరం జరుగుతుంది. లైనింగు పట్టు తగ్గుతుంది. పెడలు లోలోపలికి పోతుంది, బండి మాత్రం ఆగదు.

ఇంకో చిన్న తమాషా ఉంది. రెండు షూలూ ఒకేలా పనిచేయవు. తిరిగే డ్రమ్ము ఒక షూను తనతోపాటు ఈడ్చుకుపోవాలని చూస్తుంది. ఆ ఈడ్పుకు అది డ్రమ్ములోకి మరింత గట్టిగా నొక్కుకుంటుంది. రెండో షూను అదే డ్రమ్ము వెనక్కి తోసేస్తుంది. అంటే ఒక షూ తొక్కినదానికంటే ఎక్కువ పనిచేస్తుంది, రెండోది తక్కువ. సాధారణంగా మొదటిది త్వరగా అరుగుతుంది. బండి వెనక్కి నడిస్తే ఈ పాత్రలు తారుమారవుతాయి. వెనక్కి నడవడం అనే ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇప్పుడు చప్పుళ్ల సంగతి చూద్దాం. డ్రమ్ము మూతవేసిన పాత్ర. లైనింగు ఎంత అరిగిందో, స్ప్రింగు విరిగిందో బయటికి కనబడదు. గుండె చప్పుడు విని జబ్బు పోల్చే డాక్టరులాగా మెకానిక్కు చెవిని నమ్ముకోవలసిందే. పాటలు హోరెత్తిస్తూ బండి నడిపేవాళ్లను చూస్తే నాకు జాలి వేస్తుంది. బండి మొరపెట్టుకుంటున్నా వాళ్లకు వినబడదు.

అన్నిటికంటే తరచుగా వినబడేది ‘కీచు’మనే అరుపు. నల్లబల్ల మీద సుద్దముక్క ఒక్కోసారి చెవులు గింగురుమనేలా కీచుమంటుంది చూడండి, ఇదీ ఆ కుటుంబానిదే. కదలకుండా ఉన్న రెండు వస్తువుల మధ్య ఉండే స్థైతిక ఘర్షణ, అవి జారుతున్నప్పుడు ఉండే జారుడు ఘర్షణ కంటే ఎక్కువ. అందువల్ల లైనింగు డ్రమ్మును ఒక్క క్షణం పట్టుకుంటుంది, లాగుడుకు వంగుతుంది, జారిపోతుంది, మళ్లీ పట్టుకుంటుంది. ఈ పట్టు, జారు, పట్టు, జారు సెకనుకు వెయ్యిసార్లకు పైగా జరిగితే మీకు కీచుమని వినబడుతుంది. ఫిడేలు మీద కమాను చేసే పనీ ఇదే. కాకపోతే అది సంగీతం, ఇది గోల! పైగా డ్రమ్ము ఆకారం గంటలాంటిది కదా, చిన్న కంపనాన్ని కూడా పెద్దది చేసి వినిపిస్తుంది. ఈ మోత తగ్గించడానికి కొన్ని పాత బండ్లలో డ్రమ్ము చుట్టూ బయట ఒక పొడుగాటి స్ప్రింగు చుట్టి బిగించేవారు. మోగుతున్న కంచు పళ్లేన్ని చేత్తో పట్టుకుంటే గమ్మున ఊరుకున్నట్టే అదీను.

తెల్లవారుజామున మొదటి రెండు మూడు బ్రేకులకు కీచుమని, తర్వాత ఊరుకుంటే భయపడనక్కరలేదు. రాత్రి మంచుకు డ్రమ్ము లోపల పట్టిన పలుచని తుప్పు గీసుకుపోయిందన్నమాట. రోజంతా అరిస్తే మాత్రం లోపల పొడి పేరుకుందో, లైనింగు వేడికి అద్దంలా నునుపెక్కిందో విప్పి చూడాలి. కొందరు మహానుభావులు అరుపు మానిపించడానికి డ్రమ్ములో నూనె చుక్కలు వేస్తారు. అరుపు ఆగుతుంది, నిజమే. బండి ఆగదు!

రెండో చప్పుడు ‘గరగర’. ఇసుక వేసి రుబ్బినట్టు ఉంటుంది. దీనితో బేరాలు లేవు. లైనింగు పూర్తిగా అరిగి, రివెట్ల తలలో షూ ఇనుమో డ్రమ్మును చెక్కుతోందని దాని అర్థం. బండి అక్కడే ఆపాలి. మా మామయ్య కథ మొదలైంది ఇక్కడే. కీచుమన్న నెలా పట్టించుకోలేదు, గరగరమన్న మూడు రోజులూ ‘ఈ ట్రిప్పు అయ్యాక చూద్దాం’ అన్నాడు. దాంతో డ్రమ్ముల్లో చాళ్లు పడ్డాయి. చాళ్లు పోవాలంటే లేతు మీద లోపలి గోడను సన్నగా చెక్కించాలి. అలా లేతు పట్టించాడు.

బ్రేకు తొక్కకపోయినా ‘సర్‌ర్...’మని రాపిడి వినబడుతోందా? షూ వెనక్కి రావడం లేదన్నమాట. స్ప్రింగు సత్తువ పోయి ఉండవచ్చు, హ్యాండ్ బ్రేకు తీగ బిగుసుకుపోయి ఉండవచ్చు. ఇలాంటప్పుడు కొంతదూరం నడిపి, ఎక్కువగా బ్రేకు వేయకుండా ఆపి, రెండు చక్రాల దగ్గరా అరచేతిని కాస్త దూరంగా పెట్టి సెగ పోల్చి చూస్తారు. సెగ ఎక్కువగా కొట్టే చక్రమే దోషి. ముట్టుకోకూడదు సుమా, చర్మం ఊడుతుంది.

కొన్ని చప్పుళ్లు బ్రేకువి కానే కావు. వాటిని వేరుచేయడానికి మీ లెక్కల పుస్తకం చాలు. టైరు వ్యాసం 70 సెం.మీ. అనుకుంటే చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు. గంటకు 20 కి.మీ. వేగంతో పోతే బండి సెకనుకు 5.5 మీటర్లు నడుస్తుంది. అంటే చక్రం సెకనుకు రెండున్నర చుట్లు, పది సెకన్లకు 25 చుట్లు తిరుగుతుంది. గడియారం చూస్తూ చప్పుడు లెక్కపెట్టండి. పది సెకన్లలో 25 సార్లు వస్తే అది చక్రంతో తిరిగే వస్తువుదే. బ్రేకు వేసినప్పుడు మాత్రమే వస్తూ, పెడలు కూడా కాలికింద అదే లయలో కొట్టుకుంటుంటే డ్రమ్ము గుండ్రం తప్పి అండాకారమైందని అనుమానించాలి. అదే పది సెకన్లలో వందకు అటూ ఇటూగా వస్తే? వెనుక ఇరుసులోని పళ్ల చక్రాల వల్ల ప్రొపెల్లర్ షాఫ్టు చక్రం కంటే సుమారు నాలుగు రెట్లు వేగంగా తిరుగుతుంది. కాబట్టి దోషం ఆ షాఫ్టు కీళ్లలో ఉండవచ్చు. ఒక్కోసారి చక్రం బేరింగు ‘హూ...’మని మూలుగుతుంది. బ్రేకు తొక్కినా తొక్కకపోయినా దానికి పట్టదు. ఈ లెక్క పెట్టడం నడిపేవాడి పని కాదు, పక్కన కూర్చున్నవాడి పని.

మన ‘టక్’ మాటేమిటి మరి? మామయ్య లెక్కపెట్టించాడు. చక్రం తిరిగిన ప్రతిసారీ కాదు, బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే వస్తోంది. ఒక్కో తొక్కుడుకు ఒకటో రెండో ‘టక్’లు, అంతే. దీనికి చాలా కారణాలు ఉండవచ్చు. విరిగిన స్ప్రింగు, వదులైన బోల్టు, ప్లేటు మీద షూ ఆనే చోట పడిన గాడి. వీటిలో కొన్ని ప్రాణం మీదికి తెచ్చేవి. అందుకే సరుకు ఎత్తకుండా బండిని ముందు మేస్త్రి దగ్గరకు తీసుకుపోయాడు. నేనూ వెంట వెళ్లాను.

“ముందుకు పోయేటప్పుడు కొడ్తాందా, వెనక్కి పోయేటప్పుడా?” అని అడిగాడు మేస్త్రి.

“వెనక్కి పోయి ఎవురు చూసినారన్నా! ముందుకే.”

“అట్లయితే ఇప్పుడు రివర్సు కొట్టి, మెల్లగా బ్రేకు తొక్కు. నేను ఈడ నిలబడి ఇంటా.”

మామయ్య బండిని వెనక్కి నడిపి బ్రేకు తొక్కాడు. కుడి చక్రం కిక్కురుమనలేదు. కాని ఎడమ చక్రం ‘టక్’మంది! మామయ్య మొహం పాలిపోయింది. ఒక చక్రమే చెడిందనుకుంటే ఇప్పుడు రెండూనా? మేస్త్రి మాత్రం నవ్వాడు. “భయపడాకు. మరలు పడినట్టుంది. అయినా ఇప్పి చూడంది చెప్పలేను” అన్నాడు.

మరలేమిటి, డ్రమ్ములో? ఇక్కడే ఉంది అసలు కిటుకు. లేతు మీద డ్రమ్ము గిరగిరా తిరుగుతుంటే చెక్కే ఉలి దాని నోటి నుంచి లోపలికి మెల్లగా జరుగుతుంది. ఉలి నెమ్మదిగా జరిగితే గోడ నునుపుగా వస్తుంది. పని త్వరగా అవ్వాలని ఉలిని వేగంగా జరిపితే, ఉలి మొన గోడ మీద ఒకే ఒక పొడుగాటి గీతను చుట్లు చుట్లుగా గీసుకుంటూ పోతుంది. సీసా మూత లోపల ఉండే మర కూడా ఇలాంటి చుట్టగీతే కదా! అంటే మామయ్య డబ్బిచ్చి డ్రమ్ములకు తెలియకుండానే మరలు వేయించుకున్నాడు.

ఇప్పుడు ఒక మరమూత సీసా తెచ్చుకోండి. డ్రమ్ము మూత అనుకోండి, షూలు సీసా మూతి అనుకోండి. బండి కుడిపక్కన నిలబడి చూస్తే, ముందుకు పోతున్న చక్రం గడియారం ముల్లు దిశలో తిరుగుతుంది. మూతను ఆ దిశలో తిప్పితే బిగుస్తుంది, అంటే మూత, సీసా ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుంటాయి. డ్రమ్ము ఇరుసుకు కట్టుబడి ఉంది, లోపలికి జరగలేదు. కనుక షూయే బయటికి, డ్రమ్ము వైపుకు పాకుతుంది. షూను ప్లేటుకు అదిమిపట్టే చిన్న స్ప్రింగు ఒకటుంది. షూ పాకిన కొద్దీ అది సాగుతుంది, సాగుతుంది. చివరకు పట్టు తప్పించి షూను వెనక్కి లాగేస్తుంది. షూ వచ్చి ప్లేటును కొడుతుంది. అదే ‘టక్’!

మరి ఎడమ చక్రం? బండి ఎడమపక్కన నిలబడి చూడండి, అదే బండి, అదే ముందుకు పోవడం, కాని చక్రం గడియారానికి ఎదురు దిశలో తిరుగుతోంది. మూత ఊడే దిశ అది. అప్పుడు షూ లోపలికి, ప్లేటు వైపుకు నెట్టుకుంటుంది. అక్కడ ప్లేటు అడ్డుగా ఉంది కనుక ఎటూ పోలేదు, చప్పుడూ లేదు. రివర్సులో పాత్రలు మారతాయి. ఎడమది పాకుతుంది, కుడిది మాట్లాడదు. రెండు డ్రమ్ములనూ ఒకే లేతు మీద ఒకే తీరున చెక్కారు కాబట్టి రెంటికీ ఒకే దిశలో తిరిగే మర పడింది. విరిగిన స్ప్రింగయితే ఇంత చక్కగా కుడి ఎడమలు, ముందు వెనుకలు పాటించదు కదా! రివర్సు కొట్టమన్న ఒక్క మాటతో మేస్త్రి సగం రోగం పట్టేశాడు.

మిగతా సగం విప్పితేగాని తేలదు. జాకీ ఎత్తి, అది జారినా బండి పడకుండా ఇరుసు కింద స్టాండ్లు పెట్టి, ముందు చక్రాలకు రాళ్లు అడ్డం వేసి డ్రమ్ములు తీశాడు. లోపలి పొడిని గాలితో ఊదలేదు, తడిగుడ్డతో తుడిచాడు. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ వాడేవారు. దాని సన్నని పీచు ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ల తర్వాత క్యాన్సరుకు దారితీయగలదు. ఏ లైనింగులో ఏముందో చూసి చెప్పలేం కనుక ఊదకపోవడమే మేలు. తర్వాత డ్రమ్మును తాడుకు వేలాడదీసి సుత్తితో చిన్నగా తట్టాడు. ఖంగుమంది. మన అమ్మమ్మలు కుండ కొనేముందు వేలితో కొట్టి చూసేవారే, అదే పరీక్ష. బీట ఉంటే బొంగురు చప్పుడు వస్తుంది. స్ప్రింగులు లెక్కపెట్టాడు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆయిలు కారిన జాడ లేదు.

“ఏదీ, గోరు పెట్టి గీయి” అన్నాడు నాతో. డ్రమ్ము గోడ మీద నోటి నుంచి లోపలికి గోరుతో గీస్తే గోరు టిక్‌టిక్‌టిక్‌మని గీతలు దాటింది. అదీ మర!

మందు చాలా తేలిక. మేస్త్రి గరుకు కాగితం తీసుకుని ఆ గీతలకు అడ్డంగా, అన్ని వైపులకూ గోడంతా రుద్దాడు. చుట్టగీత తెగిపోయి ముక్కలైతే ఇక షూకు పాకడానికి దారి ఉండదు. ప్లేటు మీద షూ ఆనే బొడిపెలకు వేడికి కరగని గ్రీజు ఇంత, అగ్గిపుల్ల తలంత, రాశాడు. లైనింగుకు గ్రీజు తగలకుండా ఎంత జాగ్రత్తపడ్డాడో చూడాలి, చేతులు రెండుసార్లు కడుక్కున్నాడు. ఊరికే వదిలేసినా మర కొన్నాళ్లకు అరిగిపోయేదేనట, కాని అంతవరకూ ఆ మర ఆకురాయిలా కొత్త లైనింగును తినేసేది.

చివరగా డ్రమ్ము లోపలి వ్యాసం కొలిచాడు. డ్రమ్మును ఎంతవరకు చెక్కవచ్చో ఆ గరిష్ఠ కొలత చాలా డ్రమ్ముల మీద పోతలోనే వేసి ఉంటుంది. ఆ హద్దు దాటితే గోడ పలచబడి తొందరగా కాగుతుంది, వంగుతుంది, బీటలిస్తుంది. కుడి డ్రమ్ముకు ఇంకా అర మిల్లీమీటరు మిగిలింది. ఎడమదానికి అంత కూడా లేదు.

“ఇంకోసారి గరగరమంటే లేతు లేదు, కొత్త డ్రమ్ములే” అన్నాడు మేస్త్రి.

ఊళ్లో నాలుగు వీధులు ముందుకూ వెనక్కీ తిప్పి, బ్రేకు తొక్కి చూశారు. ఏ చక్రమూ పలకలేదు. అప్పటికి రాత్రి పదకొండయింది. మామయ్య మార్కెట్టుకు పోయి టమాటాలు ఎక్కించుకుని, రెండో గేరులో ఘాట్ దిగాడు.